అశ్వశక్తి కన్న పట్టు మిన్న

పుదుచ్చేరి మ్యూజియంలో పాత గుర్రపు బగ్గీలు, పల్లకీల సరసన ఒక చిత్రమైన బండి కనిపిస్తుంది. ఫ్రెంచివారి ఏలుబడిలో దానిని 'పూస్-పూస్' అనేవారు. ఆ మాటకు 'తోయి, తోయి' అని అర్థం. బండివాడు వెనక నుంచి తోసేవాడు. లోపల కూర్చున్న దొర చేతిలోని కడ్డీతో ముందు చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ దారి సరిచూసుకునేవాడు. నడిపించే బలం ఒకరిది, దిశ మరొకరిది!

ఆ బండి చక్రాలకు సొంత బలమంటూ ఏమీ లేదు. బండివాడి పాదం నేలను వెనక్కు తన్నితే, నేల అతడిని ముందుకు నెట్టేది. సముద్రతీరాన తిన్నగా వేసిన ఫ్రెంచి వీధుల్లో ఈ ఏర్పాటు చక్కగా సాగింది. మరి అదే బండిని నానిన చెరువు గట్టు మీదికి తీసుకువెళితే? బండివాడికి ఎంత కండబలం ఉన్నా పాదం జారుతుంది. బండి అక్కడే ఆగిపోతుంది.

ఉన్న బలాన్ని నేలకు అందించడం ఎలా అన్న ఈ ప్రశ్నే మోటారు వాహనాలనూ నూరేళ్లకు పైగా వెంటాడింది. దానికి ఇంజనీర్లు ఒక్కొక్కటిగా కనిపెట్టిన జవాబులన్నీ ఈనాడు ఒక్క వాహనంలో కుదురుకున్నాయి. అదే రోడ్డు లేనిచోట కూడా నడవగల పికప్ ట్రక్కు. పుదుచ్చేరికి ఉత్తరాన రెండు వందల కిలోమీటర్లు దాటగానే, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులోని శ్రీ సిటీలో అటువంటి ట్రక్కు ఒకటి తయారవుతోంది. దాని వివరాల పట్టికలో కనిపించే ప్రతి అంకె వెనుకా ఒక చరిత్ర ఉంది, ఒక హద్దూ ఉంది.

నేల ఒప్పుకున్నంతే

టైరుకూ నేలకూ మధ్య ఘర్షణ లేకపోతే వాహనం అంగుళమైనా కదలదు. ఈ ఘర్షణ బలం చక్రం మీద పడే బరువుపైనా, నేల స్వభావంపైనా ఆధారపడుతుంది. ఎండిన తారురోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 వరకు ఉండవచ్చు. తడి మట్టి మీద అది 0.3కు పడిపోవచ్చు.

ఒక చిన్న లెక్క చూద్దాం. పికప్ బరువు రెండు టన్నులు అనుకుందాం. వెనక తొట్టి ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద పడేది సుమారు 900 కిలోలే. వెనక చక్రాలు మాత్రమే నడిపే బండి అయితే తడి మట్టిలో దానికి దొరికే లాగుడు 270 కిలోల బరువుకు సమానం. నాలుగు చక్రాలకూ బలం అందితే అదే నేల మీద 600 కిలోలు దొరుకుతుంది. ఇంజను అదే, నేల అదే. లాగుడు మాత్రం రెండింతలకు మించింది.

ఇప్పుడు ఇంజను వైపు నుంచి చూద్దాం. 360 న్యూటన్-మీటర్ల టార్కు ఇచ్చే ఇంజను ఉందనుకోండి. గేర్‌బాక్సులో నాలుగింతలు, ఇరుసు దగ్గర మరో నాలుగింతలు పెరిగితే చక్రం దగ్గరికి 5,760 న్యూటన్-మీటర్లు చేరుతుంది. చక్రం వ్యాసార్ధం 38 సెం.మీ. అయితే ఈ బలం 1,500 కిలోల బరువును మించుతుంది. నేల ఒప్పుకునేది 600 మాత్రమే! మిగిలిన బలమంతా చక్రాన్ని ఉన్నచోటనే గిర్రున తిప్పి బురద చిమ్మడానికి ఖర్చవుతుంది. బురదలో కూరుకుపోయిన బండికి యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే గుంత ఇంకా లోతవడం మనం ఎరిగినదే.

నాలుగు చక్రాలకూ బలం

మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరమూ, లోపలి చక్రం తక్కువ దూరమూ నడవాలి. ఈ చిక్కును విప్పిన డిఫరెన్షియల్‌కు 1827లో పేటెంటు పొందినవాడు ఒనెసిఫోర్ పెక్యూర్ అనే ఫ్రెంచి ఇంజనీరు. అప్పటికి పెట్రోలు ఇంజను పుట్టనే లేదు. ఆయన దాన్ని ఆవిరి బండి కోసం ఆలోచించాడు.

అయితే ఈ పరికరానికి ఒక బలహీనత ఉంది. అది రెండు చక్రాలకూ సమానమైన టార్కునే ఇస్తుంది. ఒక చక్రం బురదలో పడి ఎదురులేకుండా తిరగసాగితే, గట్టినేల మీదున్న రెండో చక్రానికి కూడా ఆ కొద్దిపాటి బలమే దక్కుతుంది. అందుకే తర్వాతి కాలంలో అవసరమైనప్పుడు రెండు చక్రాలనూ ఒకే కడ్డీలా బిగించే 'డిఫరెన్షియల్ లాక్' వచ్చింది.

పెట్రోలు ఇంజనుతో నాలుగు చక్రాలనూ నడిపిన తొలి కారు 1903 నాటి స్పైకర్. దానిని హాలండులో తయారుచేశారు. అది పందేల కారు. ఆ ఆలోచన సామాన్యుల వాడుకలోకి రావడానికి ఒక యుద్ధం అవసరమైంది.

1940 జూలైలో అమెరికా సైన్యం తేలికైన నాలుగు చక్రాల బండి కావాలని 135 కంపెనీలను అడిగింది. గడువు మరీ తక్కువ కావడంతో ముందుకు వచ్చినవి రెండే. బాంటమ్ అనే చిన్న కంపెనీ సెప్టెంబరు 23 నాటికి నమూనా బండిని అప్పగించింది. ఆ నమూనాను ఆధారం చేసుకుని విల్లిస్, ఫోర్డ్ కంపెనీలు యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా బండ్లు తయారుచేశాయి. అవే జీపులు. వాటి ఇంజను శక్తి ఎంతో తెలుసా? కేవలం 60 అశ్వశక్తి! ఈనాటి చిన్న కార్లలో చాలావాటికి అంతకన్న ఎక్కువే ఉంటుంది. అయినా అవి ఆఫ్రికా ఇసుకలోనూ, బర్మా బురదలోనూ నడిచాయి. తేలికదనం, నాలుగు చక్రాల పట్టు, నెమ్మదిగా నడిపించే అదనపు గేరు కలిసి ఆ పని చేయించాయి.

యుద్ధం ముగిశాక 1940ల చివరలో ఇప్పటి మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లిస్ జీపులను బిగించడం మొదలుపెట్టింది. అటవీ శాఖకూ, పోలీసులకూ, ఎన్నికల ప్రచారానికీ జీపే దిక్కయింది. తెలుగు పల్లెల్లో చాలాకాలం జీపు వచ్చిందంటే ప్రభుత్వం వచ్చిందనే అర్థం.

వెనక తొట్టి

పికప్ కథ జీపు కన్న పాతది. 1925లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టి కారు వెనక ఇనుప తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. అమెరికా రైతులు అప్పటికే కార్ల వెనకభాగం కోసి స్వయంగా చేసుకుంటున్న పనినే ఫోర్డ్ కర్మాగారంలోకి తెచ్చింది. 1946లో డాడ్జ్ కంపెనీ తన సైనిక ట్రక్కును మార్చి 'పవర్ వాగన్' పేరుతో పౌరులకు అందించింది. తొట్టి, నాలుగు చక్రాల నడక కలిసి మార్కెట్లోకి వచ్చిన తొలి పెద్ద ప్రయత్నం అదే. దాని శక్తి 94 అశ్వశక్తి.

ఈ బండ్లలో శరీరాన్ని మోసేది నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం. రెండు పొడవాటి దూలాలు, వాటి మధ్య అడ్డ కమ్మీలు. కారులో పైకప్పు, తలుపు చట్రాలు, అడుగు కలిసి బరువు మోస్తాయి. పికప్‌లో తొట్టి, క్యాబిన్ విడివిడిగా ఈ నిచ్చెన మీద కూర్చుంటాయి. ఒక చక్రం రాయి ఎక్కి, మరో చక్రం గుంతలో దిగినప్పుడు మెలితిరిగే బలమంతా చట్రమే భరిస్తుంది. వెనక ఇరుసు కింద ఎక్కువగా కమాను కట్టలే ఉంటాయి. అవి బరువు బాగా మోస్తాయి కాని, ఖాళీ బండిని ఎగరేస్తాయి.

మన దేశంలో పికప్ సరుకుల బండిగానే స్థిరపడింది. కూరగాయలు, పాల క్యాన్లు, చేపల బుట్టలు మోసే ఈ బండ్లకు నాలుగు చక్రాల నడక కన్న తక్కువ ధర ముఖ్యం. ఈ రంగంలో తెలుగునేలకు కూడా వాటా ఉంది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్, జపాన్‌కు చెందిన నిస్సాన్ కలిసి జహీరాబాద్‌లో తేలికపాటి ట్రక్కుల తయారీ చేపట్టాయి. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది.

ఎడారి పందేలు

ఇటు మనం బరువు మోసే పికప్‌ను చూస్తుండగా, అమెరికాలో అది వేగం వైపు మళ్లింది. 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పం పొడవునా ఎడారిలో పందెం ప్రారంభమైంది. అక్కడ ఒక కొత్త సమస్య ఎదురైంది. గుంతల మీద వేగంగా పోతే చక్రం గాలిలోకి లేస్తుంది. గాలిలో ఉన్న చక్రానికి పట్టు శూన్యం. స్టీరింగు, బ్రేకు కూడా పనిచేయవు.

అందుకు జవాబు సస్పెన్షన్. చక్రం పైకీ కిందికీ ఎంత ఎక్కువ దూరం కదలగలిగితే నేలను అంత ఎక్కువసేపు అంటిపెట్టుకుంటుంది. ఫోర్డ్ 2010 మోడల్‌గా విడుదల చేసిన ఎఫ్-150 రాప్టర్‌లో ముందు చక్రాల కదలిక 28 సెం.మీ., వెనక చక్రాలది 31 సెం.మీ. దాకా ఉంది. గంటల తరబడి కదిలే షాక్ అబ్జార్బర్లలో నూనె వేడెక్కి పలుచబడుతుంది. అందుకని అదనపు నూనె పట్టే గొట్టాలను పక్కన అమర్చారు. 2021 రాప్టర్‌లో కమాను కట్టలకు బదులు వెనక కూడా చుట్ట స్ప్రింగులు వచ్చాయి. 37 అంగుళాల టైర్లతో దాని కడుపు నేలకు 33 సెం.మీ. ఎత్తున ఉంటుంది. ముందు బంపరు తగలకుండా 33 డిగ్రీల వాలును ఎదుర్కోగలదు. 2023లో వచ్చిన 'రాప్టర్ ఆర్' ఇంజను శక్తి 700 అశ్వశక్తి.

ప్రచారంలో వినిపించేది ఈ 700 అంకే. బండిని ఇసుకలో నిలబెట్టేది మాత్రం ఆ ముప్పై సెంటీమీటర్ల చక్రం కదలిక.

శ్రీ సిటీ బండి

జపాన్‌కు చెందిన ఇసుజు కంపెనీ 2002లో డి-మ్యాక్స్ పికప్‌ను తెచ్చింది. మన దేశంలో మొదట తిరువళ్లూరులోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో తన వాహనాలను తయారు చేయించింది. 2016 ఏప్రిల్ 27న శ్రీ సిటీలో సొంత కర్మాగారం ప్రారంభమైంది. అప్పట్లో అది చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఏడాదికి 50 వేల వాహనాల సామర్థ్యంతో మొదలైన ఈ కర్మాగారం నుంచే డి-మ్యాక్స్ వి-క్రాస్ వెలువడింది. సరుకుల కోసం కాక, కుటుంబం కోసమూ కొండదారుల కోసమూ అంటూ మన దేశంలో అమ్మిన పికప్‌లలో ఇది ముఖ్యమైనది.

మొదట దానిలో 2.5 లీటర్ల డీజిల్ ఇంజను ఉండేది. 136 అశ్వశక్తి, 320 న్యూటన్-మీటర్ల టార్కు. 2021లో దాని స్థానంలో 1.9 లీటర్ల ఇంజను వచ్చింది. పరిమాణం తగ్గినా శక్తి 163కూ, టార్కు 360కీ పెరిగాయి. పొగగొట్టం నుంచి పోయే వాయువులతో తిరిగే టర్బో ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు.

డ్రైవరు దగ్గర ఒక గుండ్రటి మీట ఉంటుంది. దానిలో మూడు స్థానాలు. మొదటిది వెనక చక్రాలకు, రెండవది నాలుగు చక్రాలకు, మూడవది నాలుగు చక్రాలతో నెమ్మది నడకకు. ఈ నెమ్మది గేరు ప్రయోజనం లెక్కలో తెలుస్తుంది. మొత్తం గేరు తగ్గింపు 16 రెట్లు అనుకున్నాం. దానికి మరో రెండున్నర రెట్లు కలిస్తే 40. ఇంజను ఖాళీగా నిమిషానికి 750 చుట్లు తిరుగుతుంటే, చక్రం 19 చుట్లే తిరుగుతుంది. అంటే గంటకు 3 కి.మీ. లోపు. ఇది మనిషి నడక కన్న తక్కువ. క్లచ్చి కాల్చకుండా, బ్రేకు తొక్కకుండా రాళ్ల మీద పాకవచ్చు.

ఒక జాగ్రత్త అవసరం. ఇటువంటి బండిలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ఎండిన తారురోడ్డు మీద నాలుగు చక్రాల మీట వేసి మలుపులు తిరిగితే లోపలి భాగాలు మెలిపడి దెబ్బతింటాయి. జారే నేల మీదే ఆ మీట వాడాలి.

నీటి లెక్క

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. 24 గంటల్లో పట్టణంలో 48 సెం.మీ. వర్షం కురిసింది. కృష్ణానగర్ ప్రాంతంలో నీరు దాదాపు ఐదడుగులకు చేరింది. సైన్యం రంగంలోకి దిగి జనాన్ని బయటికి తరలించింది. అంతకు ముందు 2011 డిసెంబరు 30న థానే తుఫాను కూడా ఈ తీరాన్నే తాకింది. ఇటువంటి రోజుల్లో ఎత్తైన పికప్ ఉన్నవారికి ధైర్యం కలగడం సహజం.

విదేశాల్లో అమ్మే కొత్త తరం డి-మ్యాక్స్ 80 సెం.మీ. లోతు నీటిలో నడవగలదని తయారీదారులు చెబుతారు. ఇంజను పీల్చే గాలిలోకి నీరు చేరకుండా, విద్యుత్ భాగాలు తడవకుండా ఉండే హద్దు అది. నెమ్మదిగా, కదలని నీటిలో, అడుగున గట్టినేల ఉన్నప్పుడు వర్తిస్తుంది. ఆర్కిమెడిస్ సూత్రాన్ని అది రద్దు చేయదు.

క్యాబిన్ అడుగు నేలకు 45 సెం.మీ. ఎత్తున ఉందనీ, దాని వైశాల్యం 4 చదరపు మీటర్లనీ అనుకుందాం. నీరు అడుగును దాటి పైకి వచ్చే ప్రతి 10 సెం.మీ.కు 400 కిలోల నీరు పక్కకు తొలగుతుంది. తలుపుల సందుల్లో నుంచి నీరు లోపలికి చేరేలోగా, బండి అంత బరువు కోల్పోతుంది. నీటి లోతు 70 సెం.మీ. అయితే రెండు టన్నుల బండి చక్రాల మీద మిగిలేది ఒక్క టన్ను. మొదట వేసుకున్న లెక్కను గుర్తుచేసుకోండి. నాలుగు చక్రాల నడకతో రెండింతలైన పట్టు ఇక్కడ తిరిగి సగమైపోయింది. నీరు పారుతున్నట్లయితే పక్కనుంచి తోసే బలం కూడా తోడవుతుంది. వేగంగా పారే రెండడుగుల నీరు పికప్‌లతో సహా చాలా వాహనాలను కొట్టుకుపోనిస్తుందని అమెరికా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. 163 అశ్వశక్తి అయినా, 700 అయినా తేలే చక్రానికి ఒరిగేదేమీ లేదు.

కనుక వివరాల పట్టిక చదివేటప్పుడు ఇంజను శక్తి దగ్గరే ఆగిపోకూడదు. నేలకూ కడుపుకూ మధ్య ఎత్తు, చక్రం కదలిక, నెమ్మది గేరు, నీటి లోతు, టైరు రకం ఇవన్నీ పట్టుకు సంబంధించిన అంకెలు. జిల్లా యంత్రాంగం తుఫాను సేవలకు బండి కొన్నా, రైతు పొలానికి బండి కొన్నా ముందుగా చూడవలసినవి ఇవే. బురద దారిలో మందులు, పాలపొడి చేర్చడానికి ఇటువంటి బండిని మించినది లేదు. ఐదడుగుల నీటిలో మాత్రం పడవే వాహనం. ఏ నీటి అంచున బండి ఆపి పడవ పిలవాలో తెలిసిన డ్రైవరే దానిలోని అతి విలువైన భాగం.