ఏవేని ఐదింటికి

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి ఇవ్వమని సంఘం మిత్రులు అడిగారు. కాకతీయుల గురించో, రాయల గురించో రాస్తానని అనుకుని ఉంటారు. నేను మాత్రం ఒక వాక్యం చరిత్ర రాయదలచుకున్నాను. ఆ వాక్యం మనందరికీ కంఠోపాఠమే: "ఈ క్రింది వానిలో ఏవేని ఐదింటికి సమాధానములు వ్రాయుము."

ఈ వాక్యంతో నా పరిచయం అవమానంతో మొదలైంది. 1978లో పదో తరగతి ప్రీ పబ్లిక్ పరీక్షలు. సోషల్ పేపర్లో 1857 తిరుగుబాటు మీద ప్రశ్న వచ్చింది. ఆ అంకె కనబడగానే ఇక ముందు చూడలేదు. కొవ్వు పూసిన తూటాలు, డల్హౌసీ రాజ్యసంక్రమణ సిద్ధాంతం, సిపాయిల జీతాలు, మంగళ్ పాండే అంటూ మూడు పేజీలు నింపాను. పేపర్లు ఇచ్చిన రోజు సోషల్ మాస్టారు నా పేపరు చివరిదాకా ఉంచి ఇచ్చారు. ఆ జవాబు పక్కన సున్నా ఉంది. దాని కింద ఎర్ర సిరాతో "జవాబు బాగుంది. ఏ ప్రశ్నకు?" అని ఉంది. ప్రశ్న అడిగింది ఫలితాలు. నేను రాసింది కారణాలు.

"ఒరేయ్, నీకు వచ్చింది రాశావు గానీ వాళ్లు అడిగింది రాయలేదురా" అన్నారు మాస్టారు. తర్వాత నేను చరిత్ర అధ్యాపకుడినై జూనియర్ కళాశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. వేసవి వచ్చిందంటే వేలాది జవాబుపత్రాలు దిద్దాను. ఆ మాట నన్ను వదల్లేదు.

ప్రశ్నను అర్థం చేసుకోవడం ఒక విద్య అని మొదట గుర్తించినవారు చైనావాళ్లు. అక్కడ ఉద్యోగుల ఎంపికకు రాతపరీక్షలు సూయీ వంశం కాలంలో మొదలై 1905 దాకా సాగాయి. మింగ్ వంశ కాలంలో, పదిహేనో శతాబ్దంలో, ఆ పరీక్షల వ్యాసానికి ఒక కట్టుదిట్టమైన రూపం ఏర్పడింది. దానికి ఎనిమిది కాళ్ల వ్యాసమని పేరు. అందులో మొదటి భాగాన్ని 'పో తి' అంటారు. అంటే అడిగిన విషయాన్ని పగలగొట్టి లోపల ఏముందో చూపడం. మనం కొబ్బరికాయ కొట్టినట్టన్నమాట. అది రెండే రెండు వాక్యాలు. ప్రశ్న తనకు ఏమని అర్థమైందో అభ్యర్థి ఆ రెండు వాక్యాల్లో చెప్పాలి. అక్కడ తప్పితే మిగతా వ్యాసం ఎంత అందంగా ఉన్నా లాభం లేదు.

ఆ పరీక్షలో విషయాలు ప్రధానంగా కన్ఫ్యూషియస్ సంప్రదాయపు నాలుగు గ్రంథాల నుంచి వచ్చేవి. వాటికి జూ షీ అనే పండితుడి వ్యాఖ్యానమే ప్రమాణమని 1313లో రాజశాసనం వచ్చింది. అంటే ప్రశ్నకు అర్థం కూడా ప్రభుత్వమే ముందుగా ఖరారు చేసింది. పాఠ్యం చిన్నది, అర్థం ఒకటే. అందుచేత పాత వ్యాసాల సంకలనాలు అచ్చయి బజారులో అమ్ముడుపోయేవి. వాటిని బట్టీపట్టి వచ్చేవారిని అడ్డుకోవడానికి పరీక్షాధికారులు ఒక వాక్యాన్ని సగంలో కోసి, ఇంకోచోటి ముక్కకు అతికించి ప్రశ్నగా ఇచ్చేవారు. మన గైడ్లకూ గెస్ పేపర్లకూ, వాటిని తప్పించుకోవడానికి ప్రశ్నను మెలిపెట్టే అలవాటుకూ అయిదారు వందల ఏళ్ల వంశవృక్షం ఉందన్నమాట.

మన దేశంలో రాతపరీక్ష రాజ్యం మొదలైంది సరిగ్గా నేను తప్పు రాసిన ఆ ఏడాదిలోనే. 1854లో రెండు పత్రాలు వెలువడ్డాయి. ఇంగ్లండులో ప్రభుత్వోద్యోగాలు పోటీ పరీక్ష ద్వారా ఇవ్వాలన్న నార్త్‌కోట్, ట్రెవెల్యన్ నివేదిక ఒకటి. ఇక్కడ విశ్వవిద్యాలయాలు స్థాపించాలన్న వుడ్స్ డిస్పాచ్ రెండోది. 1857 జనవరిలో కలకత్తా, జూలైలో బొంబాయి, సెప్టెంబరు 5న మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. ఒకవైపు ఉత్తరాన తిరుగుబాటు మండుతుంటే మరోవైపు మెట్రిక్యులేషన్ పరీక్షకు పునాదులు పడ్డాయి. ఆ తొలి విశ్వవిద్యాలయాలు పాఠాలు చెప్పేవి కావు. పరీక్షలు పెట్టి పట్టాలివ్వడమే వాటి పని. ఎక్కడో కూర్చున్న మనిషి ప్రశ్న వేస్తాడు. ఎప్పుడూ చూడని ఊళ్లో పిల్లవాడు జవాబు రాస్తాడు. ఆ ప్రశ్నకు అర్థమేమిటని అడగడానికి మధ్యలో గురువు లేడు.

పాఠం చెప్పేవాడూ ప్రశ్న వేసేవాడూ ఒక్కరే అయితే ఎంపిక అవసరం తక్కువ. ఏది చెప్పాడో అదే అడుగుతాడు. వందలాది బడులకు ఒకే పేపరు వచ్చినప్పుడు ఒక బడిలో మొగలుల పాఠం సరిగా జరగలేదు, ఇంకో బడిలో సిలబస్ పూర్తికాలేదు అనే తేడాలు వస్తాయి. ఆ తేడా పిల్లవాడి మీద పడకుండా కాసే గొడుగు "ఏవేని ఐదింటికి" అన్న మాట. మంచి ఉద్దేశమే. కానీ లెక్క కట్టి చూడండి. పది ప్రశ్నల్లో ఐదు ఎంచుకోవడానికి 252 మార్గాలున్నాయి. అంటే ఒక్క పేపరు పేరుతో మనం 252 రకాల పరీక్షలు పెడుతున్నాం. సగం పుస్తకం వదిలేసినా గట్టెక్కవచ్చునని పిల్లలు కనిపెట్టేశారు. దానికి విరుగుడుగా "ప్రతి విభాగము నుండి కనీసం రెండు" అన్న షరతు వచ్చింది. రెండు విభాగాల్లో ఐదేసి ప్రశ్నలుంటే ఆ షరతు 252ను 200కు తగ్గిస్తుంది. అంతే.

ఎంపిక ఇవ్వడం వల్ల తెలుగునాట ఒక యుద్ధమే జరిగింది. 1912-13లో మద్రాసు రాష్ట్రపు స్కూల్ ఫైనల్ పరీక్షలో తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలోనైనా, ఆధునిక భాషలోనైనా రాయవచ్చునని అనుమతి ఇచ్చారు. చూడడానికి అది ప్రశ్నపత్రంలో చిన్న వెసులుబాటు. కానీ పండితలోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం వైపు నిలబడింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికం వైపు నిలబడ్డారు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో ఉన్న గురజాడ అప్పారావుగారు 1914లో తన అసమ్మతి పత్రం రాశారు. ఆ వెసులుబాటు ఎంతోకాలం నిలవలేదు. అయినా తరువాతి తరాలు ఏ భాషలో చదవాలి, రాయాలి అన్న వాదం ఒక పరీక్షలో "ఇదిగానీ అదిగానీ" అన్న మాట చుట్టూ తిరిగిందని మరచిపోకూడదు. ఈ వ్యాసం నేను ఈ భాషలో రాయగలుగుతున్నానంటే ఆ వాదం చలవే.

ప్రశ్న ఎంచుకోవడం పిల్లవాడి వంతు అయితే జవాబును అర్థం చేసుకోవడం దిద్దేవాడి వంతు. ఆ వంతు ఎంత నమ్మదగినదో పరీక్షించినవారిలో సర్ ఫిలిప్ హార్టాగ్ ఒకరు. ఢాకా విశ్వవిద్యాలయానికి ఆయన తొలి వైస్ చాన్సలర్. 1929లో మన దేశ విద్య మీద నివేదిక ఇచ్చిన సంఘానికి అధ్యక్షుడు కూడా. 1935లో ఆయన, రోడ్స్ అనే సహచరుడు ఇంగ్లండులో జరిపిన ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. అది మన సబ్జెక్టే, చరిత్ర. అసలు పరీక్షలో ఒకే మార్కు వచ్చిన 15 జవాబుపత్రాలు తీసుకుని 15 మంది అనుభవజ్ఞులకు ఇచ్చారు. ఏడాదికి పైగా గడిచాక, పాత మార్కులు చూపకుండా, వారిలో 14 మందికి అవే పత్రాలు మళ్లీ ఇచ్చారు. మొత్తం 210 నిర్ణయాల్లో 92 మారిపోయాయి. పాసన్నవారే ఫెయిలన్నారు, ఫెయిలన్నవారే పాసన్నారు. మారింది పత్రం కాదు, దిద్దేవాడు కూడా కాదు. రోజు మారింది.

స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్లూ ఈ జబ్బును గుర్తించారు. అంతకు ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ కమిషన్, ఒకే ఒక సంస్కరణ సూచించమంటే పరీక్షల సంస్కరణే సూచిస్తామని చెప్పింది. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ వ్యాసరూప ప్రశ్నల పెత్తనం తగ్గించమంది. 1957లో అమెరికా నుంచి బెంజమిన్ బ్లూమ్ వచ్చి మన ఉపాధ్యాయులతో మూల్యాంకనం మీద శిబిరాలు నడిపారు. మనం 'బిట్లు' అని ముద్దుగా పిలుచుకునే ప్రశ్నలు బడుల్లో పాతుకుపోయింది ఈ ఆలోచనల తర్వాతే. ఆ శిబిరాల ముఖ్యమైన బోధ ఇంకొకటుంది. ప్రశ్నలో క్రియాపదమే ప్రాణం. 'పేర్కొనుము' అంటే పేర్లు చాలు. 'వివరింపుము' అంటే ఎలా జరిగిందో చెప్పాలి. 'పోల్చుము' అంటే రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. 'చర్చింపుము' అంటే రెండో వైపు కూడా వినిపించాలి. మా మాస్టారు బ్లూమ్ పేరు ఎన్నడూ ఎత్తలేదు. కానీ నాకు సున్నా వేసిన మర్నాడు బోర్డు మీద ఈ నాలుగు మాటలూ రాసి, ఒకే పాఠానికి నాలుగు వేర్వేరు జవాబులు చెప్పించారు.

ఇక ఈ వ్యాసం రాయడానికి అసలు కారణానికి వస్తాను. ఒక వేసవిలో మూల్యాంకన శిబిరంలో ఇంటర్ చరిత్ర పత్రాలు దిద్దుతున్నాను. వ్యాసం ఒక్కోదానికి 10 మార్కులు, ఏవేని మూడు రాయాలి. ఒక పత్రంలో మూడో వ్యాసం 1857 మీద. ప్రశ్న ఫలితాలు. ఆ అభ్యర్థి నాలుగు పేజీల నిండా కారణాలు రాశాడో, రాసిందో. గుండ్రటి అక్షరాలు, కింద గీతలు. చదువుతుంటే నా పాత పేపరు చూసుకున్నట్టే ఉంది. మిగతావన్నీ కూడితే 31 వచ్చాయి. పాస్ కావాలంటే 35.

పెన్ను కింద పెట్టి ఆ నాలుగు పేజీలు మళ్లీ చదివాను. చివరి పేరాలో కంపెనీ పాలన ముగిసిందని ఒక వాక్యం, 1858 నవంబరు 1న విక్టోరియా రాణి ప్రకటన వెలువడిందని ఇంకో వాక్యం దొరికాయి. అవి ఫలితాలే. రెండింటికి రెండు మార్కులు వేశాను. 33. సైన్యంలో మార్పుల గురించి ఒక్క మాట రాసినా, సంస్థానాల విలీనం ఆపేశారని ఒక్క ముక్క రాసినా ఇంకొంచెం వేయగలిగేవాణ్ణి. లేవు. ప్రశ్నపత్రం తిరగేసి చూశాను. అదే విభాగంలో అక్బర్ పరిపాలన మీద తేలికైన ప్రశ్న ఉంది. ఆ అభ్యర్థి చిన్న ప్రశ్నల్లో మన్సబ్‌దారీ గురించి చక్కగా రాశాడు కూడా. అంటే వచ్చిన ప్రశ్నను వదిలేసి, వచ్చిందనుకున్న ప్రశ్నను పట్టుకున్నాడు. పిల్లలు తమకు ఎక్కువ మార్కులు తెచ్చిపెట్టే ప్రశ్ననే ఎంచుకుంటారన్న భరోసా లేదని వెయినర్, థిస్సెన్ అనే అమెరికన్ పరిశోధకులు 1994లో రాశారని తర్వాత చదివాను. నాకు ఆ సంగతి అప్పటికే ఆ పత్రం చెప్పేసింది.

కూడిక రెండుసార్లు సరిచూసి 33 అనే వేసి పంపాను. న్యాయమే చేశానని నా నమ్మకం. కానీ పక్క బల్ల దగ్గరికి వెళ్లి ఉంటే ఆ వ్యాసానికి ఐదు పడేవేమో. ఇంకో రోజు నా దగ్గరికే వచ్చి ఉంటే నాలుగు పడేవేమో. హార్టాగ్ లెక్కలోని ఆ 92లో నేనూ ఒకణ్ణి కావచ్చు. నాకు సున్నా పడ్డది ప్రీ పబ్లిక్‌లో. దిద్దుకోవడానికి నెల రోజులు, బోర్డు మీద నాలుగు మాటలు రాసే మాస్టారు దొరికారు. ఆ అభ్యర్థికి అలాంటి సున్నా ముందే వేసిన గురువు లేకపోయాడు. తేడా అంతే.

అందుకే సంఘానికి ఒక సూచన చేస్తున్నాను. స్వర్ణోత్సవం గుర్తుగా మన బడిలో ఏటా జనవరిలో ఒక ఆదివారం పదో తరగతి పిల్లల్ని కూర్చోబెడదాం. పూర్తి ప్రశ్నపత్రం ఇద్దాం. జవాబులు రాయనవసరం లేదు. మొదటి పావుగంట కేవలం చదవాలి. సీబీఎస్ఈ పరీక్షల్లో చదువుకోవడానికి 15 నిమిషాలు విడిగా ఇస్తారు, అది వృథా కాదు. తర్వాత ఏ ప్రశ్నలు ఎంచుకున్నారో, ఎందుకో చెప్పాలి. ప్రతి ప్రశ్నలో క్రియాపదం కింద గీత గీయాలి. ఎంచుకున్న ఒక్కోదానికి రెండేసి వాక్యాలు రాయాలి, ఆ చైనా అభ్యర్థుల్లాగా. ఖర్చు కాగితాలకే. దిద్దడానికి మాలాంటి రిటైరైనవాళ్లం ఉన్నాం.

తప్పు రాసిన పిల్లలకు సున్నాలు వేద్దాం. కింద ఒక మాట కూడా రాసి, మర్నాడు కూర్చోబెట్టి చెబుదాం.