ఆపత్సమయమున దేహములోనికి చూపు

1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్‌ను వాషింగ్టను రైలుస్టేషనులో ఒకడు పిస్తోలుతో కాల్చినాడు. రెండు గుండ్లలో ఒకటి చేతిని ఒరసికొని పోయినది. రెండవది వీపువైపునుండి దూరి, దేహములో ఎక్కడ ఆగినదో తెలియలేదు. పేరుపడిన వైద్యులు వచ్చి, కడుగని వేళ్లతోను, లోహపు శలాకలతోను ఆ గాయములో వెదకినారు. టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఆ సమయమున ఒక యంత్రమును సిద్ధము చేసినాడు. తీగచుట్టలలో విద్యుత్తు ప్రవహించుచుండగా, దగ్గరలో లోహమున్నచో చెవియొద్ద పెట్టుకొన్న టెలిఫోనులో ధ్వని మారును. ప్రయోగశాలలో అది చక్కగా పనిచేసినది. అధ్యక్షుని పడకచెంత మాత్రము ఎక్కడ పెట్టినను ఏదో సన్నని ధ్వని వినిపించినది. పరుపుక్రింద ఉక్కు స్ప్రింగులున్న సంగతి తరువాత తెలిసినది. అదియుగాక, గుండు కుడివైపుననే ఉన్నదని పెద్దవైద్యుడు ముందే నిశ్చయించుకొని, ఆ వైపు మాత్రమే పరీక్షింపనిచ్చినాడు. అది వెన్నెముకకు ఎడమవైపున ఉన్నట్లు శవపరీక్షలో బయటపడినది. గార్ఫీల్డ్ 79 దినములు బాధపడి సెప్టెంబరు 19న మరణించినాడు. ఆయన ప్రాణము తీసినది గుండుకంటె, వెదకినవారి వేళ్లతోపాటు లోపలికి పోయిన విషక్రిములే అని నేటి వైద్యచరిత్రకారులు పలువురు తలచుచున్నారు. ధ్వనిని నమ్ముకొని పనిచేయు మా బోంట్లకు బెల్ ప్రయత్నముపై కొంత సానుభూతి కలుగుట సహజమే.

ఆపదలో ఉన్న రోగివద్ద వైద్యునికి ఎదురగు మొదటి కష్టము ఇదియే. పైకి కనిపించు లక్షణములు ఒక్కటే. లోపలి కారణములు రెండు మూడు. ఒకదానికి పనికివచ్చు చికిత్స మరియొకదానికి ప్రాణాంతకము కావచ్చును. దీర్ఘవ్యాధిలోనైతే వేచిచూచుటకు వ్యవధి ఉండును. గాయపడినవానికి ఆ వ్యవధి లేదు.

1895 నవంబరు 8వ తేదీ సాయంకాలము జర్మనీలోని వ్యూర్ట్స్‌బర్గ్ నగరమున విల్‌హెల్మ్ రాంట్‌గెన్ ఎక్స్‌ కిరణములను గుర్తించిన కథ మన పాఠశాల విద్యార్థులకును తెలిసినదే. ఆ వార్త లోకమునకు తెలిసిన కొద్దివారములలోనే వైద్యులు విరిగిన యెముకలను, దేహములో దిగిన సూదులను, గుండ్లను వెదకుటకు ఆ కిరణములను వాడసాగినారు. రాంట్‌గెన్ తన ఆవిష్కారముపై పేటెంటు హక్కు కోరలేదు. అందువలన కూడ అది వేగముగా వ్యాపించినది. అపాయమును ఎరుగక ఆ వెలుగులో దినములకొలది నిలిచి పనిచేసినవారు పలువురు ఆహుతియైనారు. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ చేతులు కాలి, కాన్సరు సోకి, 1904లో మరణించినాడు.

యుద్ధరంగమునకు ఈ యంత్రము ఎంత త్వరగా చేరినదో చూచినచో ఆశ్చర్యము కలుగును. 1897-98లో వాయవ్య సరిహద్దున జరిగిన తీరా దండయాత్రలో వాల్టర్ బీవర్ అను సైనికవైద్యుడు దానిని కొండదారుల వెంట మోయించుకొని పోయినాడు. 1898లో సూడానులో బాటర్స్‌బీ అను మరియొక సైనికవైద్యుడు నైలు నదీతీరమున అబాదియే వద్ద తన పరికరములను నిలిపినాడు. అక్కడ విద్యుత్తు లేదు. ఇద్దరు కూర్చుండి త్రొక్కు సైకిలు ఒకటి తెప్పించి, దాని చక్రమునకు డైనమో కట్టి, ఇద్దరిచేత త్రొక్కించి బ్యాటరీలకు శక్తి నింపినాడు. ఎండ తాకిడికి పరికరములు చెడిపోకుండ వానిని తడిపిన ఉన్నిబట్టలతో చుట్టియుంచినాడు. ఓండుర్మాన్ యుద్ధములో గాయపడి అక్కడికి చేరిన 121 మంది బ్రిటిషు సైనికులలో 21 మంది దేహములలో గుండు ఉన్నదో లేదో మామూలు పరీక్షవలన తేలలేదు. ఎక్స్‌ కిరణములవలన 20 మంది విషయము తేలిపోయినది. మిగిలిన ఒక్కడు ఊపిరితిత్తికి గాయము తగిలి, కదల్చుటకు వీలులేని స్థితిలో ఉండెను. ఈ లెక్కలో మాకు ముఖ్యముగా తోచినది "లేదు" అను మాట. దేహములో గుండు లేదని తెలిసినవానిని ఎవరును కోయరు, వెదకరు. గార్ఫీల్డ్‌కు పట్టిన గతి అతనికి పట్టదు.

యంత్రము ఉన్నంతమాత్రమున సరిపోదనుటకు 1901లో బఫెలో నగరమున జరిగినది సాక్ష్యము. ఒక మహాప్రదర్శనమును దర్శింప వచ్చిన అధ్యక్షుడు మెకిన్లీపై సెప్టెంబరు 6న కాల్పులు జరిగినవి. ఆ ప్రదర్శనములోనే ఎక్స్‌రే యంత్రము ఉన్నది. ఎడిసన్ మరియొకదానిని పంపినాడు. వైద్యులు రెంటిలో దేనిని ఉపయోగింపలేదు. చాలని వెలుతురులో శస్త్రచికిత్స చేసినారు, గుండు దొరకలేదు. ఎనిమిది దినములకు అధ్యక్షుడు మరణించినాడు. ఐనను యంత్రమును వాడియుంటే ఆయన బ్రతికెడివారని చెప్పుట తొందరపాటే. గుండు పోయిన దారివెంట లోపలి కండ కుళ్లినది. గుండు జాడ తెలిసినను ఆ కుళ్లును ఆపు మందు ఆనాడు లేదు. చిత్రము చూపును, చికిత్స వేరు. ఈ భేదమును మరచి యంత్రములను స్తుతించు వ్రాతలు నేడును తక్కువ కాదు.

1914లో మొదటి ప్రపంచయుద్ధము రాగా, మేరీ క్యూరీ మోటారుబండ్లలో ఎక్స్‌రే పరికరములు అమర్పించి, బండి ఇంజనుతోనే డైనమో త్రిప్పించి, యుద్ధరంగపు ఆసుపత్రులకు తీసికొనిపోయినది. పదునేడేండ్ల కుమార్తె ఐరీన్ ఆమెకు సహాయురాలు. ఫ్రెంచి సైనికులు ఆ బండ్లను "చిన్న క్యూరీలు" అని పిలుచుకొన్నారు. గాయపడినవానిని యంత్రము కడకు మోయుటకంటె యంత్రమునే అతని కడకు నడుపుట మేలు అను బుద్ధి అక్కడ స్థిరపడినది.

శాంతికాలమున ఈ చూపు ఎక్కువగా అక్కరకు వచ్చినది కడుపునొప్పిలో. జీర్ణాశయములోని పుండుకు చిల్లు పడినచో, లోపలి వాయువు బయటికి వచ్చి, రోగిని నిలువుగా కూర్చుండబెట్టి తీసిన చిత్రములో కాలేయమునకు పైన, ఉదరవితానము క్రింద, నల్లని నెలవంకవలె కనిపించును. అట్టివానికి గంటలలో శస్త్రచికిత్స జరుగవలెను. కాని ఊపిరితిత్తి అడుగుభాగమున న్యుమోనియా వచ్చినపుడు కూడ కొందరికి, విశేషించి పిల్లలకు, కడుపులోనే నొప్పి పుట్టును. వారి కడుపు కోయుట దారుణము. రొమ్ము భాగమునకు తీసిన ఒక్క ఎక్స్‌రే చిత్రము తరచు ఈ రెంటిని వేరుచేయగలదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రములో ఈ విద్యకు పెద్ద పీఠము 1934లో మద్రాసు జనరల్ ఆసుపత్రి చెంత వెలసిన బర్నార్డ్ రేడియాలజీ సంస్థ.

ఎముక, లోహము, వాయువు ఇట్లు కనిపించినవి. నెత్తురు మాత్రము కనిపించలేదు. చుట్టునున్న మెత్తని భాగములకును దానికిని ఎక్స్‌రే చిత్రములో తేడా తెలియదు. కడుపులోని నెత్తురును చూపినది, వింతగా, ధ్వనియే. గ్లాస్గోలో ఇయన్ డొనాల్డ్ అను ప్రసూతివైద్యుడు, కర్మాగారములలో లోహపు పగుళ్లను వెదకు ధ్వనియంత్రమును రోగులపై ప్రయోగించి, 1958లో తన ఫలితములను ప్రకటించినాడు. మన చెవికి అందని ఆ ధ్వని లోపలికి పోయి, ప్రతిధ్వనియై తిరిగివచ్చి, తెరపై బొమ్మ కట్టును. 1990లనాటికి ప్రమాదములలో దెబ్బతిన్నవారి పడకయొద్దనే కొద్ది నిమిషములలో కాలేయము, ప్లీహము, పొత్తికడుపు, గుండెచుట్టు నెత్తురున్నదేమో చూచుట అనేక ఆసుపత్రులలో వాడుకయైనది. గర్భము నాళములో నిలిచి పగిలిన స్త్రీల విషయములో ఈ పరీక్ష చేసిన మేలు ఇంతింత కాదు.

ఇక తల. సైకిలుమీదనుండి పడినవాడు లేచి, దుమ్ము దులుపుకొని, నవ్వుచు ఇంటికి పోవును. తలనొప్పిగా ఉన్నదని పండుకొనును, మరల లేవడు. కణత లోపలి రక్తనాళము తెగి, నెత్తురు కపాలమునకును మెదడు పొరకును నడుమ చేరి, మెదడును నొక్కివేయుటయే కారణము. సకాలమున కపాలమునకు రంధ్రము చేసి ఆ నెత్తురు తీసినచో అతడు బ్రతుకును. కాని ఏ వైపున రంధ్రము చేయవలెను? మామూలు ఎక్స్‌రే పగులును చూపును, నెత్తురును చూపదు. పెద్దవారిలో మెదడు నడుమనుండు పీనియల్ గ్రంథి సున్నపు నలుసువలె గట్టిపడియుండును. అది ప్రక్కకు ఒరిగియున్నచో రెండవ వైపునుండి ఏదో త్రోయుచున్నదని వైద్యులు ఊహించెడివారు. 1918లో వాల్టర్ డాండీ మెదడు గదులలో గాలి నింపి చిత్రము తీసినాడు. 1927లో ఎగాస్ మోనిజ్ రక్తనాళములలో మందు ఎక్కించి తీసినాడు. రెండును తెలివైన ఉపాయములే. కాని కొనయూపిరితో ఉన్నవానికి అవి తగినవి కావు. చివరకు శస్త్రవైద్యుడు అనుమానమున్నచోట రంధ్రము చేసెడివాడు. నెత్తురు కనిపింపకున్న మరియొకచోట చేసెడివాడు.

ఈ చీకటిని తొలగించిన సంస్థ పేరు గ్రామఫోను ఎరిగిన ఇండ్లకు కొత్తది కాదు. కుక్క బొమ్మగల హిజ్ మాస్టర్స్ వాయిస్ రికార్డులకు మాతృసంస్థయైన ఇ.ఎమ్.ఐ. అది. అందులో ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. తలచుట్టు అన్ని దిక్కులనుండి సన్నని కిరణములు పంపి, ఏ దారిన ఎంత కిరణము ఆగిపోయినదో కొలిచి, ఆ అంకెలనుండి కంప్యూటరుచేత లోపలి అడ్డుకోతను గీయింపవచ్చునని ఆయన తలచినాడు. తొలి ప్రయోగములో ఒక్క బొమ్మకు కొలతలు తీయుటకే తొమ్మిది దినములు పట్టినది. బీటిల్స్ పాటల ధనముతోనే ఈ యంత్రము పుట్టినదను మాట ప్రచారములో ఉన్నది. వినుటకు ఇంపుగా ఉన్నను అది అతిశయోక్తి. బ్రిటిషు ఆరోగ్యశాఖ కూడ దీనికి గణనీయముగా ధనము సమకూర్చినది.

1971 అక్టోబరు 1న లండనులోని వింబుల్డన్‌లో, అట్కిన్సన్ మార్లీ ఆసుపత్రియందు, డాక్టరు జేమ్స్ ఆంబ్రోజ్ పర్యవేక్షణలో మొదటి రోగి తల పరీక్షింపబడినది. కొలతలు అయస్కాంతపు టేపుపై ఎక్కించి, లెక్క కట్టుటకు ఇ.ఎమ్.ఐ. కంప్యూటరుకు పంపినారు. తిరిగివచ్చిన బొమ్మలో మెదడులోని కంతి స్పష్టముగా కనిపించినది. తాజా నెత్తురు ఈ చిత్రములో తెల్లగా కనిపించుననునది తలదెబ్బల వైద్యమునే మార్చివేసినది. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కును, ఈ గణితమును ముందే విడిగా సాధించిన ఆలన్ కార్మాక్‌కును నోబెల్ బహుమానము లభించినది.

ఈ యంత్రపు విలువ పక్షవాతములో ఇంకను బాగుగా తెలియును. మూతి వంకరపోవుట, చేయి పడిపోవుట, మాట తడబడుట ఇవి రెండు కారణములవలన కలుగును. మెదడులో రక్తనాళము మూసికొనిపోవచ్చును, చిట్లియుండవచ్చును. ఎంత అనుభవజ్ఞుడైనను రోగిని చూచినంతమాత్రమున ఇది ఫలానాయని నిశ్చయముగా చెప్పలేడు. మూసికొన్న నాళములోని గడ్డను కరిగించు మందు మేలు చేయునని 1995లో ఒక పెద్ద పరిశోధన నిరూపించినది. ఆ మందునే నాళము చిట్లినవానికి ఇచ్చినచో చేజేతుల చంపినట్లే. కనుక ముందు సి.టి. చిత్రము తీయుదురు. ఇక్కడొక విశేషమున్నది. నాళము మూసికొన్న మొదటి గంటలలో చిత్రము ఇంచుమించు మామూలుగానే ఉండవచ్చును. చిత్రములో ఏమియు లేదన్నారు కదా అని కొందరు రోగిని ఇంటికి తీసికొనిపోవుదురు. నిజమునకు తెల్లని నెత్తురు కనిపింపకపోవుటయే వైద్యుడు వెదకుచున్న సమాధానము.

ఆ మందు మొదట మూడు గంటలలోపల ఇచ్చునదిగా ఉండి, 2008లో వెలువడిన పరిశోధన తరువాత నాలుగున్నర గంటలవరకు పొడిగింపబడినది. కొందరి విషయములో మరింత సూక్ష్మమైన చిత్రములు చూచి ఇంకను ఆలస్యముగా చికిత్స చేయుట కూడ నేడున్నది. ఐనను రోగిని తీసికొనివచ్చినవారిని వైద్యుడు అడుగు తొలి ప్రశ్నలలో ఒకటి: ఇతడు చివరిసారి మామూలుగా ఉండగా మీరు చూచినది ఎన్ని గంటలకు? రాత్రి పండుకొని తెల్లవారి పడిపోయిన చేతితో లేచినవానికి, పండుకొన్న వేళ మొదలు లెక్క. ఆ గడియ ఏదో మామూలు సి.టి. చిత్రము చెప్పలేదు; ఇంటివారు చెప్పవలెను.