తేనెటీగల పెంపకము: లేఖల నుండి సామాజిక మాధ్యమముల వరకు

పూర్వము తేనె కావలెనన్న పట్టును కోసి పిండవలసినదే. పొగపెట్టి ఈగలను తోలి పట్టును పిండినపుడు తేనెతోపాటు గుడ్లు, పిల్లపురుగులు, మైనము కూడ కలిసివచ్చెడివి. ఈగల కుటుంబము చెదరిపోయెడిది. పట్టు చెడకుండ తేనె తీయు విద్య పందొమ్మిదవ శతాబ్దమున స్థిరపడినది. ఈ విద్య యొక్క చరిత్ర ఒక విధముగ వార్తల చరిత్రయే. ఒకడు కనుగొన్న విషయము మరియొకనికి ఎంత వేగముగ, ఎంత సరిగ చేరినదను దానిపై ఈ వృత్తి మంచిచెడ్డలు ఆధారపడుచు వచ్చినవి.

లేఖలు, పత్రికలు

స్విట్జర్లాండు దేశపు జెనీవా నగరవాసి ఫ్రాన్స్వా హ్యూబరు అంధుడు. ఆయన ప్రశ్నలు వేయగా సేవకుడు బర్నెన్సు పట్టులను పరిశీలించి జవాబులు చెప్పెడివాడు. ఈ పరిశోధనలు 1792లో లేఖల రూపమున గ్రంథముగ వెలువడినవి. తేనెటీగల శాస్త్రమునకు పునాదులలో ఈ గ్రంథ మొకటి.

1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను మతాచార్యుడు ఒక ముఖ్య విషయమును గుర్తించెను. ఈగలు తాము తిరుగుటకు సుమారు 6 నుండి 9 మిల్లీమీటర్ల సందును మాత్రమే ఖాళీగ వదలును. సందు తగ్గినచో జిగురుతో పూడ్చును. పెరిగినచో అందు అట్టు కట్టును. ఈ కొలత పాటించి చట్రములను అమర్చిన, వాటిని పైకెత్తి చూచి మరల దింపవచ్చును. ఆయన 1852లో ఈ పెట్టెకు పేటెంటు పొందెను. కాని అనేకులు అనుమతి లేకయే ఆ పెట్టెను తయారుచేసికొనుటచే ఆయనకు లాభము దక్కలేదు.

1861లో అమెరికాలో తేనెటీగల పెంపకమునకు ప్రత్యేకముగ ఒక మాసపత్రిక వెలసినది. 1873లో రూట్ అను వ్యాపారి మరియొక పత్రికను స్థాపించెను. రైటు సోదరుల విమానము ఎగురుట కన్నులార చూచి వ్రాసిన తొలి వివరణ 1905లో ప్రకటితమైనది ఈ పత్రికయందే! దక్షిణ భారతమున న్యూటన్ అను క్రైస్తవ గురువు మన దేశపు తొర్రతేనెటీగకు తగిన చిన్న పెట్టెను రూపొందించెను. 1962లో పూనాలో కేంద్ర తేనెటీగల పరిశోధనాలయము ఏర్పడినది.

2015 నాటి వింత

ఆస్ట్రేలియాకు చెందిన తండ్రీకొడుకులు స్టూవర్ట్, సీడర్ ఆండర్సనులు ఒక కొత్త పెట్టెను నిర్మించిరి. ఇందలి ప్లాస్టిక్ చట్రములలో సగము కట్టియున్న గదులుండును. ఈగలు వాటిని పూర్తిచేసి తేనె నింపి మూత వేయును. మీట త్రిప్పగానే గదుల గోడలు జరిగి, తేనె లోపలి కాలువలగుండ క్రిందికి జారి సీసాలోనికి వచ్చును. 2015 ఫిబ్రవరిలో ఈ దృశ్యము సామాజిక మాధ్యమములలో ప్రపంచమంతట వ్యాపించినది. పెట్టె తయారీకి 70,000 డాలర్లు చాలునని వారు అంతర్జాలమున చందా కోరగా, 1 కోటి 20 లక్షల డాలర్లకు పైగ వచ్చినవి. వెంటనే అనుకరణలు కూడ బయలుదేరినవి. లాంగ్‌స్ట్రాత్ అనుభవమే మరల ఎదురైనది. కాని ఈసారి లాభము మూలకర్తలకు కూడ దక్కినది.

అయితే అనుభవజ్ఞులు ఒక హెచ్చరిక చేసిరి. మీట త్రిప్పుటతో తేనె వచ్చును గాని, ఈగల రోగములను కనిపెట్టుటకు పెట్టెను తెరచి చూడక తప్పదు. రాణి ఈగ గుడ్లు పెట్టుచున్నదా, వరోవా పేనులు పట్టినవా అనునది తెలిసికొనవలెను. దృశ్యము ఒక నిమిషమున కన్నులబడును. ఈ పరిశీలన అలవడుటకు ఋతువులు గడవవలెను.

మరియొక ఫలితమును గమనింపవలెను. "తేనెటీగలను రక్షింపుడు" అను ప్రచారము విని పట్టణములలో అనేకులు పెట్టెలు పెట్టిరి. లండనువంటి నగరములలో పూలకంటె ఈగలు మించిపోవుచున్నవని, అడవి తేనెటీగలకు ఆహారము కరవగునని 2020లో క్యూ ఉద్యానవనము వారి నివేదిక హెచ్చరించినది.

మన ప్రాంతపు సంగతి

మన కొండ ప్రాంతములలో గిరిజనులు తేనెను సేకరింతురు. 1956లో విశాఖపట్టణము కేంద్రముగ ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆ తేనెను కొనుచు వచ్చినది. నేడు చిన్న ఉత్పత్తిదారుడు కూడ తన తేనెను చరవాణిలో చూపి నేరుగ కొనువారిని చేరగలడు. ఇది మేలే. కాని ఆ చరవాణియే తప్పుడు పరీక్షలను కూడ మోసుకొనివచ్చుచున్నది. తేనెలో ముంచిన అగ్గిపుల్ల వెలిగినచో అది స్వచ్ఛమైనదనుట, నీటిలో చుక్క కరుగక నిలిచినచో కల్తీ లేదనుట ఇట్టివి. వీటివలన స్వచ్ఛత తేలదు. చిక్కని చక్కెర పాకము కూడ నీటిలో కొంతసేపు నిలుచును.

గడ్డకట్టిన తేనెను కల్తీయని తిరస్కరించుట ఇంకొక పొరపాటు. తేనెయందలి గ్లూకోజు స్ఫటికములుగ మారుటచే అట్లు జరుగును. ఇది సహజము. ఆ సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచిన తేనె మరల కరగును. నిజమైన తేనె తెచ్చినవాడు ఈ అపోహవలన నష్టపోవుచున్నాడు.

ఆనాటి మాసపత్రికలో పొరపాటు పడినచో మరుసటి సంచికలో పాఠకులు దిద్దెడివారు. నేటి వార్త గడియలో వేలమందిని చేరును, దిద్దుబాటు వెనుకబడును. దానిని దిద్దు పని ఇపుడు ప్రతి పాఠశాలపైనను కలదు. తరగతిలో ఒక తేనెసీసా, ఒక చక్కెర పాకపు గిన్నె ఉన్నచో ఆ పని ఆరంభించవచ్చును.