ఆనకట్టకు ముందు నేర్చిన విద్య

గోదావరి తన అఖండరూపమును వీడి పాయలుగా చీలు చోట, రాజమహేంద్రవరమునకు దిగువన, 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్టను గూర్చి ముచ్చటించునప్పుడు, రాతిని, సున్నమును, వ్యయమును, పల్లమైన భూములను లెక్కించుట మనకు పరిపాటి. కాని ఈ నేలకు పరాయివారైన ఇంజనీర్లు, తమ మాట తెలియని వేలకొలది కూలిజనముతో ఇంతటి పనిని ఎట్లు నెరవేర్చిరో విచారించినవారు అరుదు. తనవారు కాని ప్రజలకు సేవ చేయవలసిన ఉద్యోగికి ఎట్టి శిక్షణము కావలెనను నేటి ప్రశ్నకు ఆ విచారణయందు చక్కని సమాధానము గలదు.

ఈ శిక్షణమునకు మన దేశమున తొలి ప్రయత్నములలో నొకటి చెన్నపట్టణమున జరిగినది. ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ పూనికతో 1812లో వెలసిన సెయింట్ జార్జి కోట కళాశాలయందు, సీమనుండి క్రొత్తగా దిగిన యువకోద్యోగులు జిల్లాలకు పోవుటకు మునుపే పండితుల యెదుట కూర్చుండి, దేశభాషలు నేర్చి, పరీక్ష నెగ్గవలసియుండెను. క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణము 1816లో వెలువడినది. మరుసటి యేడు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను వెలగపూడి కోదండరామ పంతులు వద్ద ఓనమాలు దిద్ది, కడప, మచిలీపట్టణము, రాజమహేంద్రవరములలో కొలువు చేసి, వేమన పద్యములను 1829లో అచ్చొత్తించి, ఆనకట్ట ముగిసిన 1852లోనే తన తెలుగు నిఘంటువును లోకమున కందించెను. ఆ కళాశాల ప్రజలయందలి వాత్సల్యముచేత గాక పన్నులకును పాలనకును పుట్టినదనుట నిజమే. అయినను రైతు అర్జీని దుబాసి నోట వినుటకును స్వయముగా చదువుటకును గల అంతరము సామాన్యమైనది కాదు.

ధవళేశ్వరపు ఆనకట్టను కట్టించిన సర్ ఆర్థర్ కాటను పొందిన శిక్షణము వేరు తెరగుది. ఆయన కావేరీతీరమున పనిచేయుచు, చోళులనాటి కల్లణై ఆనకట్టను శ్రద్ధతో పరిశీలించి, వదులు ఇసుకలో పునాదిని నిలుపు ఉపాయమును తాము దేశీయులనుండియే గ్రహించితిమని స్పష్టముగా అంగీకరించెను. ఆ ఉపాయమే ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరములను గలుపుచు గోదావరి ఇసుకపై నిలిచినది. సేవింపవచ్చినవాడు సేవింపబడువారికి శిష్యుడైనప్పుడే సేవ ఫలించునని చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శనము నాకు కానరాదు.

దొరలకు పండితులును, కావేరీతీరపు దేశీయులును గురువులు కాగా, మూడవ గురువు వీణెం వీరన్న. ధవళేశ్వరపు కొండను పగులగొట్టి, ఆ రాళ్లను ఇనుప పట్టాలపై బండ్లతో ఏటిగట్టునకు చేర్చు ఆ పనియందు, వరద తీసినది మొదలు మరల వరద వచ్చులోపల దినదినము జనము నిలువవలెను, కూలి ముట్టవలెను, తగవులు తీరవలెను. కూలీలను కూర్చి, వారి మంచిచెడ్డలు విచారించి, దొరల ఉద్దేశమును వారికిని, వారి కష్టమును దొరలకును తెలియజెప్పినవాడు వీరన్న. కాటను అస్వస్థుడై దూరమైన కాలమున కెప్టెన్ ఆర్ చేతిమీదుగా పని ఆగక సాగుటకు ఇట్టివారి శ్రమ ఆధారము. రాయ్ బహద్దూర్ బిరుదము ఆయనకు దక్కినది గాని, ఆయన చేసినది అధ్యాపకత్వమని ఎవరును పలుకలేదు.

కాలక్రమమున పరదేశిత్వము మనవారికిని ప్రాప్తించినది. కోరంగి, కాకినాడ రేవులనుండి రంగూనునకు పోయి ఓడరేవులలో మూటలు మోసిన తెలుగు కూలీలను అచటివారు కోరంగీలని పిలిచిరి. 1930 మే మాసమున వారిపై చెలరేగిన అల్లర్లు, పరస్పరము ఎరుగని జనముల నడుమ బ్రతుకుతెరువు పోటీ ఎంత దారుణమగునో చూపినవి. నేడు అమెరికాలో ప్రసవించిన కోనసీమ ఆడుబిడ్డకు నర్సు ఆదరముతో మంచుముక్కలు వేసిన నీరు అందించినచో, బాలింతకు చల్లనీరు కూడదని పెరిగిన ఆమె ఆ గ్లాసును ముట్టదు. కారణము అడుగ నేర్చిన నర్సు వేడినీరు తెచ్చును, నేర్వని నర్సు ఆమెను మొండిదనుకొనును. ఆ దేశమున టెర్రీ క్రాస్ ప్రభృతులు 1989లో ఈ నేర్పును వృత్తిధర్మముగా ప్రతిపాదించిరి. 2000లో ఆంగ్లము రానివారికి సేవలు అందునట్లు చూడుమని ప్రభుత్వ శాఖలకు అధ్యక్షుని ఉత్తరువు వెలువడినది.

మనము ఇప్పుడు అడుగవలసినది మన సంగతి. పశ్చిమ ఒడిశానుండి మన ఇటుక బట్టీలకును, ఇతర రాష్ట్రములనుండి రొయ్యల కర్మాగారములకును వచ్చుచున్న కుటుంబముల బిడ్డకు టీకా వేయు నర్సుకును, బడిలో చేర్చుకొను పంతులుకును, ఫిర్యాదు వ్రాసికొను కానిస్టేబులునకును వారి భాషలో నాలుగు మాటలైనను, వారి ఆహారాచారములలో కొంతయైనను నేర్పుచున్నామా? నేర్పవలెను, ఆ నేర్పువారిని వలస వచ్చినవారిలోనుండియే ఎంచి, గౌరవముతో వేతనమిచ్చి గురుపీఠమున కూర్చుండబెట్టవలెను. పరాయి దొరలు పాలనకై నేర్చిన విద్యను, సోదర ప్రజల సేవకై మనము నేర్వకుండుట న్యాయము కాదు.