పాత్రలున్నవి, పాత్రధారులేరి?

చెడుగుడు ఆడవలెనన్న నేలమీద ఒక గీత, ఇరువైపుల కొందరు పిల్లలు ఉంటే చాలును. ఒకడు రాకపోయినా ఆట ఆగదు. కాని ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరించి, పదిమంది కలిసి నడిపే ఆట అట్టిది కాదు. హరిశ్చంద్రుడు సిద్ధముగా ఉండి చంద్రమతి రానిచో కథ అడుగు ముందుకు వేయదు. అందుచేత ఇటువంటి ఆటకు అన్నిటికన్న ముందు వచ్చే సమస్య ఒక్కటే: పాత్రధారులను ఎక్కడినుండి తేవలెను? వచ్చినవారిని ఎట్లు నిలుపుకొనవలెను? తెలుగువారు ఈ ప్రశ్నకు నూరేండ్లకు పైగా పలు విధముల సమాధానము చెప్పినారు. ఆ చరిత్రను కొంచెము పరిశీలింతము.

తరగతి గది నుండి రంగస్థలమునకు

1880లో రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు తాము రచించిన ‘వ్యవహార ధర్మబోధిని’ని ప్రదర్శింపజేసినారు. నటులెవరు? ఆయన విద్యార్థులే. అప్పటికి నాటకమాడుట గౌరవప్రదమైన పని అని పెద్దలు తలచేవారు కారు. అటువంటి కాలములో పిల్లలను పిలువగలిగినవాడు వారి నమ్మకము సంపాదించిన గురువొక్కడే. పాత్రధారులను ఆకర్షించుటలో ఇది మొదటి సూత్రము: ఆటపై నమ్మకము కుదరక ముందు, ఆడించేవానిపై నమ్మకము కుదరవలెను.

తరువాత 1886లో బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు ‘సరస వినోదినీ సభ’ను స్థాపించినారు. ఆయన వృత్తి న్యాయవాదము. ఇటువంటి సభలలో చేరినవారు పగలు తమ ఉద్యోగములు చూచుకొని, సాయంకాలము రాజులుగా, మంత్రులుగా మారేవారు. వారికి జీతము లేదు. తోటివారి మెప్పు, కలిసి సాధన చేయుటలోని ఆనందము, ఇవే ప్రతిఫలము.

ఇల్లే సమాజము

ఇంచుమించు ఆ కాలముననే కడప జిల్లాలో మరొక మార్గము ఏర్పడినది. తోలుబొమ్మలాట కుటుంబములో పుట్టిన వనారస గోవిందరావుగారు 1885లో సురభి గ్రామములో ‘కీచకవధ’ను ప్రదర్శించినారు. తోలుబొమ్మలకు బదులు మనుషులే తెరముందుకు వచ్చినారు. ఆ ఊరి పేరే సమాజమునకు పేరైనది.

సురభివారికి నటులను వెదకవలసిన పని లేదు. తాత రాజు, తండ్రి విలన్, తల్లి రాణి, చంటిపిల్లవాడు కృష్ణుడు. ఇతర సమాజములలో పురుషులే స్త్రీ వేషములు ధరించే రోజులలో ఇక్కడ స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించినారు. కుటుంబమంతయు ఒకే చోట ఉన్నందున ఇది సాధ్యమైనది. ఐతే ఈ పద్ధతికి ఒక బలహీనత కూడ ఉన్నది. సమాజము జననముపై ఆధారపడినప్పుడు, కొత్తతరము వేరు బ్రతుకుతెరువు చూచుకొన్నచో ఆ ఖాళీని నింపేవారు బయట దొరకరు. ఒకప్పుడు పదులకొలది శాఖలుగా విస్తరించిన సురభి సమాజములలో నేడు మిగిలినవి కొన్నే. అందులో 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి హైదరాబాదు చెంత శేరిలింగంపల్లిలో స్థిరపడినది.

ఎవరికి తలుపు మూసినారు?

పాత్రధారుల కొరతకు కారణము జనాభా తక్కువగుట కాదు. సగము జనాభాకు తలుపు మూసివేయుట. ఇందుకు స్థానం నరసింహారావుగారి జీవితమే సాక్ష్యము. 1920లో బాపట్లలో ‘హరిశ్చంద్ర’ ఆడవలసిన రాత్రి చంద్రమతి వేషధారి రాలేదు. ఆ ఖాళీని నింపుటకు స్థానంవారు ముందుకు వచ్చినారు. తరువాత సత్యభామగా, మధురవాణిగా ఆంధ్రదేశమంతట కీర్తి గడించి, 1956లో పద్మశ్రీ పొందినారు. ఆయన ప్రతిభ గొప్పది, సందేహము లేదు. కాని ఆ ఖాళీ అంత పెద్దదిగా ఉండుటకు కారణము స్త్రీలను రానీయకపోవుటయే. ఈ విషయము గ్రహించిన బళ్ళారి రాఘవగారు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించినారు. కొమ్మూరి పద్మావతీదేవిగారివంటి విద్యావతులు ఆయన ప్రోత్సాహముతో రంగమెక్కినారు.

తారలా, జట్టా?

డబ్బు రంగస్థలమునకు వచ్చిన తరువాత ‘కంట్రాక్టు నాటకములు’ పుట్టినవి. కంట్రాక్టరు వేర్వేరు ఊళ్ళ ప్రసిద్ధ నటులను ఒక్క రాత్రికి కుదుర్చుకొని తెచ్చేవాడు. ఒకే నాటకములో ఇద్దరు కృష్ణులు, ఒక్కొక్క రంగమునకు ఒక్కొక్క హరిశ్చంద్రుడు కనబడేవారు. జనము విరగబడి వచ్చినారు. కాని ముందుగా కలిసి సాధన చేసే అవకాశము తగ్గినది. ప్రతి నటుడును తన పద్యమునకు వచ్చే చప్పట్లనే లెక్కపెట్టుకొన్నాడు.

ఇందుకు భిన్నముగా 1940 తరువాత దశాబ్దములో ప్రజానాట్యమండలి పల్లెల నుండి కూలివారిని, విద్యార్థులను, ఉపాధ్యాయులను జట్లుగా కూర్చినది. ఆ ఉద్యమమునకు చెందిన డాక్టరు గరికపాటి రాజారావుగారు 1953లో ‘పుట్టిల్లు’ చిత్రము తీసి, జమునను, అల్లు రామలింగయ్యను వెండితెరకు పరిచయము చేసినారు.

ఫిల్మ్ నగర్‌లో తలక్రిందులైన లెక్క

నాటకమునకును సినిమాకును గల బంధుత్వము మొదటి టాకీ నుండియే ఉన్నది. 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ చిత్రమునకు హెచ్. ఎం. రెడ్డిగారు సురభివారి నాటకమునే తీసుకొన్నారు. నటులను ఒకరొకరుగా వెదకక, ఆ నాటకమాడేవారినే బొంబాయికి పిలిపించినారు. సురభి కమలాబాయి లీలావతి పాత్ర ధరించినది. కలిసి ఆడిన జట్టు విలువ ఎంతటిదో దీనివలన తెలియగలదు.

కాలక్రమమున తెలుగు సినిమా మద్రాసు వదలి హైదరాబాదు చేరినది. అమీర్‌పేటలో సారథి స్టూడియో, జూబిలీ హిల్స్ సమీపమున 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసినవి. ఆ బండరాళ్ళ గుట్టలమీదనే నేటి ఫిల్మ్ నగర్ నిలిచినది. ఇక్కడ పాత లెక్క తలక్రిందులైనది. వెనుక పాత్రలుండి మనుషులు లేకపోయినారు. నేడు మనుషులు వేలకు వేలు, పాత్రలు కొన్నే. ప్రక్కనే ఉన్న కృష్ణానగర్‌లో ఎందరో యువకులు పిలుపుకొరకు ఎదురుచూచుచు కాలము గడుపుదురు. నటించవలెనన్న కోరిక మనలో ఎంత బలమైనదో ఇది తెలుపుచున్నది. ఆ కోరిక తీరుటకు కెమెరా ఒక్కటే మార్గమా?

ప్రేక్షకుడు లేని నాటకము

కాదని 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట చూపినది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనేవారు దీనిని రూపొందించినారు. బల్లచుట్టు కూర్చున్న అయిదారుగురు తలకొక పాత్ర ధరింతురు. ఒకడు మన సూత్రధారునివలె కథ నడుపును. పాచికలు వేసి ఫలితము నిర్ణయింతురు. సంభాషణలు ముందుగా వ్రాసి ఉండవు, చూచేవారు అవసరము లేదు. తొలి ముద్రణ వేయి ప్రతులు మాత్రమే. 1977లో కొత్తవారికై సులభమైన నియమములతో వేరొక పెట్టె వెలువరించినారు.

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయములో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు ‘మడ్’ అనే ఆటను కంప్యూటరుపై నిర్మించినారు. దూరముననున్నవారు కూడ అక్షరముల ద్వారా ఒకే లోకములో పాత్రలుగా కలిసికొనగలిగినారు. బార్టిల్ 1996లో ఆటగాండ్రను నాలుగు వర్గములుగా విభజించినాడు. విజయములు కూడబెట్టేవారు, కొత్త చోట్లు వెదకేవారు, స్నేహముకొరకు వచ్చేవారు, ఇతరులపై ఆధిపత్యము చూపి సంతోషించేవారు. నాల్గవ వర్గము మితిమీరినచో స్నేహశీలురు వెళ్ళిపోవుదురనియు, స్నేహశీలురు పెరిగినకొలది మరికొందరు స్నేహశీలురు వత్తురనియు అతడు వివరించినాడు. చప్పట్లకై పోటీపడిన కంట్రాక్టు నాటకములను తలచుకొన్నచో ఈ సూత్రము మనకు కొత్తగా తోచదు.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ చరిత్ర పాఠశాలకు అక్కరకు వచ్చును. ఉప్పు సత్యాగ్రహమునో, గ్రామసభనో తరగతిలో పాత్రలుగా ఆడించదలచినచో ముందుగా మంచి గొంతుగల ఇద్దరిని ఎన్నుకొనుట సులభము. కాని అది కంట్రాక్టరు పద్ధతి. ఒక చిన్న పాత్రతో మొదలుపెట్టి, నియమములు అయిదు నిమిషములలో చెప్పి, తప్పు పలికినవానిని నవ్వులపాలు చేయనీయకున్నచో వెనుకబల్లవాడు కూడ మెల్లగా ముందుకు వచ్చును. బాలికలకు రాణి వేషమే కాక న్యాయాధిపతి వేషము కూడ ఈయవలెను. ఒకరు రాని రోజున ఆ పాత్ర ఎవరు ధరింతురో ముందే అనుకొనవలెను. బాపట్లలో ఆ రాత్రి ఖాళీగా ఉన్న వేషమే తెలుగు రంగస్థలమునకు ఒక మహానటుని ఇచ్చినది గదా!