గుడివాడ నుంచి న్యూయార్క్ దాకా: కోనేరు హంపి కథ

మన గూడెం నుంచి భీమవరం వెళ్లి, అక్కడ గుడివాడ వైపు వెళ్లే ట్రైన్ ఎక్కండి. ఆకివీడు, కైకలూరు, మండవల్లి... దారిలో ఎటు చూసినా చేపల చెరువులే. కొల్లేరు పక్కనే ఉంటుంది. అవన్నీ దాటాక గుడివాడ వస్తుంది. 1987 మార్చి 31న కోనేరు హంపి పుట్టింది ఆ ఊళ్లోనే.

పేరు వినే ఉంటారు. కానీ ఆమె కెరీర్ మొత్తం చూస్తే ఒక ప్రశ్న వస్తుంది. ఇన్ని గెలిచిన మనిషికి అసలైన ప్రపంచ కిరీటం మాత్రం దక్కలేదు. మరి దాన్ని ఓటమి అనాలా? ఈ ఎపిసోడ్‌లో అదే మాట్లాడుకుందాం.

ముందు ఒక చిన్న పోలిక. ఆర్మేనియా జనాభా సుమారు 30 లక్షలు. అక్కడ 2011 నుంచి స్కూళ్లలో చెస్ ఒక సబ్జెక్ట్. లెక్కలు, సైన్స్ లాగే పిల్లలందరూ నేర్చుకోవాల్సిందే. హంపి చిన్నప్పుడు మన దగ్గర అలాంటి ఏర్పాటేమీ లేదు. ఉన్నదల్లా వాళ్ల నాన్న కోనేరు అశోక్ గారు. ఆయనకి చెస్ అంటే ప్రాణం. ‘ఛాంపియన్’ అనే మాటలోంచే కూతురికి హంపి అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఉద్యోగం మానేసి పూర్తిగా ఆమెకి కోచ్ అయిపోయారు. ఆలోచించండి, అప్పట్లో ఒక మధ్యతరగతి ఇంట్లో జీతం వదులుకుని, ఆడపిల్ల ఆట మీద అంత నమ్మకం పెట్టుకోవడం ఎంత పెద్ద రిస్కో!

రిజల్ట్ త్వరగానే వచ్చింది. ప్రపంచ బాలికల పోటీల్లో 1997లో అండర్-10, 1998లో అండర్-12, 2000లో అండర్-14 టైటిళ్లు గెలిచింది. మధ్యలో 1999లో అహ్మదాబాద్‌లో ఆసియా అండర్-12 పోటీ జరిగితే, మగపిల్లలతో కలిసి ఆడి మరీ ఫస్ట్ వచ్చింది. 2001లో ప్రపంచ జూనియర్ బాలికల ఛాంపియన్ అయింది.

ఇక 2002. చెస్‌లో మహిళలకి విడిగా ‘విమెన్ గ్రాండ్‌మాస్టర్’ అని ఒక టైటిల్ ఉంది. హంపి సాధించింది అది కాదండి, మగవాళ్లతో సమానమైన పూర్తి గ్రాండ్‌మాస్టర్ టైటిల్. అప్పటికి వయసు 15 ఏళ్ల 1 నెల 27 రోజులు. హంగేరీకి చెందిన జుడిత్ పోల్గార్ రికార్డు బద్దలైంది. ఆ కొత్త రికార్డు 2008 దాకా నిలబడింది. 2007లో 2600 రేటింగ్ దాటింది. పోల్గార్ తర్వాత ఆ గీత దాటిన రెండో మహిళ హంపియే.

ఇక కిరీటం ఖాయం అనుకున్నారు అందరూ. 2011లో అల్బేనియాలోని టిరానాలో చైనా అమ్మాయి హౌ యీఫాన్‌తో ప్రపంచ టైటిల్ మ్యాచ్. హంపికి 24, హౌకి 17. పది గేమ్‌ల మ్యాచ్ ఎనిమిదికే అయిపోయింది. హౌ మూడు గెలిచింది, ఐదు డ్రా అయ్యాయి. హంపి ఒక్కటీ గెలవలేదు.

ఇది ఎంత పెద్ద స్థాయో తెలియాలంటే ఆర్మేనియా స్టార్ లెవాన్ అరోనియన్‌ని చూడండి. 2014లో 2830 రేటింగ్‌కి వెళ్లాడు, వరల్డ్ కప్ రెండుసార్లు గెలిచాడు. అంతటివాడు కూడా ప్రపంచ టైటిల్ మ్యాచ్ దాకా ఒక్కసారీ రాలేకపోయాడు.

తర్వాత హంపికి పెళ్లయింది. 2017లో పాప పుట్టింది. సుమారు రెండేళ్లు ఆటకి దూరంగా ఉంది. ‘ఇంక అయిపోయింది’ అనుకున్నవాళ్లకి 2019 డిసెంబర్‌లో మాస్కోలో సమాధానం దొరికింది. ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్‌షిప్‌లో చైనాకి చెందిన లే టింగ్జీతో ప్లేఆఫ్. మొదటి గేమ్ పోయింది, రెండోది గెలిచింది, చివరి ఆర్మగెడాన్‌లో టైటిల్ కొట్టింది.

ఐదేళ్ల తర్వాత, 2024 డిసెంబర్, న్యూయార్క్. ఆట మానేయాలా అని కూడా ఆలోచించానని హంపియే చెప్పిన సమయం అది. మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది. మనమైతే ఫోన్ పక్కన పడేసి పడుకుంటాం కదా! ఆమె మాత్రం 11 రౌండ్లకి 8.5 పాయింట్లు తెచ్చుకుని, 37 ఏళ్ల వయసులో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది.

ఇప్పుడు అన్నిటికంటే నాకు నచ్చిన ఘట్టం. 2025 జులై, జార్జియాలోని బతూమి, మహిళల వరల్డ్ కప్ ఫైనల్. హంపి ఎదురుగా కూర్చున్నది 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్. హంపి గ్రాండ్‌మాస్టర్ అయినప్పటికి దివ్య ఇంకా పుట్టనే లేదు! రెండు క్లాసికల్ గేమ్‌లూ డ్రా. ర్యాపిడ్ టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. ఆ గెలుపుతోనే గ్రాండ్‌మాస్టర్ కూడా అయింది.

హంపి ఓడింది, నిజమే. కానీ లెక్క చూడండి. 2002లో మన దేశంలో మహిళా గ్రాండ్‌మాస్టర్ ఒక్కరే. రెండో పేరు కోసం 2011 దాకా ఆగాలి, ఆమె మన గుంటూరు ద్రోణవల్లి హారిక. తర్వాత వైశాలి, ఇప్పుడు దివ్య. వరల్డ్ కప్ ఫైనల్లో ఇద్దరూ భారతీయులే కూర్చునే రోజు వచ్చిందంటే, ఆ దారిలో మొదటి అడుగు వేసింది గుడివాడ అమ్మాయే. అందుకే నేనైతే ఈ కెరీర్‌ని ఓటమి అనను.

మరి మీరేమంటారు? కామెంట్‌లో రాయండి. ఇంట్లో చెస్ ఆడే చెల్లో తమ్ముడో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి చూపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.