రొదను తూచినవారు

రేడియో పెట్టె సూదిని ఒక స్టేషనునుండి మరియొక స్టేషనుకు త్రిప్పునపుడు నడుమ వినవచ్చు గరగరను శ్రోతలు మా లోపముగా ఎంచుట కద్దు. నిజమునకు అందు మా పాలు మిక్కిలి తక్కువ. కొంత ఎక్కడనో మెరిసిన మెరుపు. కొంత ఇరుగింటి మోటారు. కొంత పెట్టెలోని తీగలే తమ వేడిమిచేత చేయు చప్పుడు. ఇవి గాక, అదే తరంగముపై పలుకుచున్న మరియొక స్టేషను గొంతు మన వార్తలలోనికి జొరబడుటయు కలదు. మొదటివానిని రొద అనియు, ఈ కడపటిదానిని చొరబాటు అనియు పిలుచుకొందము. రొద అన్ని దిక్కులనుండియు వచ్చును. చొరబాటునకు ఒక దిక్కు, ఒక చిరునామా ఉండును. ఈ భేదము పైకి కనబడునంత గట్టిది కాదని మున్ముందు తేలగలదు.

ఒకే మాటను పెక్కు ఏరియళ్ళతో వినుట యను విద్యకు చరిత్ర చెప్పువారు సాధారణముగా ఏరియళ్ళను లెక్కపెట్టుచు పోవుదురు: మూడు, ఆరు, పదునారు, నేడు అరువదినాలుగు. ఆ లెక్క మాకు తృప్తి నీయలేదు. ఏరియళ్ళను పెంచుటకు డబ్బును స్థలమును ఉన్న చాలును. ఏ ఏరియలు ఎంత రొదను తెచ్చుచున్నది, ఏ రెండింటి రొదకు పొత్తు కలదు అని అంచనా కట్టుటయే అసలు చిక్కు. అందు పొరపడినచో ఏరియళ్ళు హెచ్చినకొలది వినికిడి చెడును కూడ.

1927వ సంవత్సరము జనవరి 7వ తేదీన న్యూయార్కు, లండను నగరములకు నడుమ రేడియో టెలిఫోను ప్రారంభమయ్యెను. మూడు నిముషముల సంభాషణకు 75 డాలర్లు. అంత సొమ్ము చెల్లించినవాడు సముద్రపు హోరువంటి రొదను విని ఊరకుండడు గదా! అందుచేత అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలకు రొద యొక వ్యాపార సమస్య అయ్యెను. అక్కడి జాన్సన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, ఏ పదార్థముతో చేసిన నిరోధకమైనను తన వేడిమికి తగినంత చప్పుడు తప్పక చేయునని కొలిచి చూపెను. ఆయన సహోద్యోగి నైక్విస్ట్ దానికి సిద్ధాంతము కూర్చెను. రెండు వ్యాసములును 1928లో వెలువడినవి. పెట్టెలోని రొదకు ఇంతకన్న దిగని అడుగు ఒకటి కలదని దీనిచే స్థిరపడెను. ఇక ఆ అడుగుపైన వినబడునదంతయు ఎచ్చటిదో వెదకవలసియుండెను.

ఆ వెదకు పని అదే 1928లో ఉద్యోగమున చేరిన కార్ల్ జాన్‌స్కీ అను యువకునికి అప్పగింపబడెను. న్యూజెర్సీ రాష్ట్రమున హోల్మ్‌డెల్ అను పల్లెపట్టున, పొలముల నడుమ, సుమారు 30 మీటర్ల పొడవుగల చట్రముపై ఆయన ఏరియలును కట్టించెను. దానికి ఫోర్డు మోడల్ టీ కారు చక్రములు అమర్చి, 20 నిముషముల కొకమారు పూర్తిగా తిరుగునట్లు చేసిరి. చూచినవారు దానిని రంగులరాట్న మని పరిహసించిరి. 14.6 మీటర్ల తరంగముపై నెలల తరబడి రొద బలమును కాగితముపై గీయించి, ఆయన దానిని మూడు తెగలుగా విడదీసెను: దగ్గరి ఉరుములు, దూరపు ఉరుములు, మూడవది ఎడతెగని సన్నని బుస. ఆ బుస మొదట సూర్యుని వెంట తిరుగుచున్నట్లు తోచెను. కాని దినమునకు నాలుగు నిముషములు ముందుగా వచ్చుచుండెను. 23 గంటల 56 నిముషములు సూర్యుని లెక్క కాదు, నక్షత్రముల లెక్క. 1933లో ఆయన ప్రకటించినది, ఆ బుస ధనూరాశివైపున, పాలపుంత నడిబొడ్డునుండి వచ్చుచున్నదని.

జాన్‌స్కీని రేడియో ఖగోళశాస్త్రమునకు ఆద్యుడని అందరును కొనియాడుదురు; న్యాయమే. మన కథకు కావలసినది మరియొక సంగతి. రొద అని మూటగట్టి పారవేసినదానిలో కూడ దిక్కుగల భాగము ఉండవచ్చునని ఆయన కాగితపు చుట్టలు చెప్పినవి. దిక్కు కలదనగా వేర్వేరు ఏరియళ్ళలో అది ఒకదానితో ఒకటి పొంది పడునని అర్థము. ఆయన 1950లో 44 ఏండ్లకే కన్నుమూసెను. నక్షత్రలోకపు రేడియో బలమును కొలుచు మానమునకు నేడు ఆయన పేరే వాడుక.

ఇంతలో మరియొకచోట మరియొక బాధ. పొట్టి తరంగములు ఆకాశపు పొరలనుండి పరావర్తనము చెంది వచ్చునపుడు ఒక్కొక్క క్షణమున స్వరము అణగిపోవును. రివర్‌హెడ్‌లోని ఆర్.సి.ఏ. కేంద్రమున బెవరేజ్, పీటర్సన్ అను ఇంజనీర్లు దూరదూరముగా మూడు ఏరియళ్ళను నిలిపిరి. ఒకచోట స్వరము అణగిన క్షణముననే రెండవచోట అణగదు. కావున వినికిడి నిలుచును. 1931లో వారు ఈ పద్ధతిని ప్రకటించిరి.

హోల్మ్‌డెల్‌లో జాన్‌స్కీ పై అధికారియైన ఫ్రీస్, ఫెల్డ్‌మన్ అనునాతనితో కలిసి మరింత దూరము పోయెను. ముప్పాతిక మైలు పొడవున వరుసగా ఆరు ఏరియళ్ళు. వాని స్వరములను తగిన జాగుతో కలిపి, ఆకాశమున కోరిన కోణమువైపు చెవి యొగ్గునట్లు చేసిరి. 1937లో వెలువడిన ఈ నిర్మాణమునకు మ్యూసా అని పేరు. తరువాత అమెరికాలో మానహాకిన్‌వద్దను, ఇంగ్లండులో కూలింగ్‌వద్దను పదునారేసి ఏరియళ్ళతో ఇట్టివి వెలసినవి. ఇందు మాకు ముచ్చటయైన అంశమొకటి: వినుటకు కొన్ని శాఖలుండగా, ఒక శాఖ ఏమియు వినిపింపక, ఏ కోణమునుండి ఎంత బలము వచ్చుచున్నదో ఎల్లప్పుడును పరికించుచుండును. కొలుచుటకే ప్రత్యేకముగా ఒక చెవిని కేటాయించుట యన్న మాట.

ఇన్ని ఏరియళ్ళ పలుకులను ఏ పాళ్ళలో కలుపవలెను? 1954లో లెనార్డ్ కాన్ దీనికి చిన్న లేఖలో జవాబు చెప్పెను: ఒక్కొక్కదానికి, అందలి స్వరపు ఎత్తును రొద శక్తిచే భాగించగా వచ్చు తూకము ఈయవలెను. ఉదాహరణకు రెండు ఏరియళ్ళలో స్వరము సమానమనుకొందము. మొదటిదానిలో స్వరశక్తియు రొదశక్తియు సమానము, రెండవదానిలో రొద నాలుగింతలు. తూకము చూడక సరిసమానముగా కలిపినచో స్వరపు ఎత్తు రెండింతలై శక్తి నాలుగింతలగును. రొద ఒకటియు నాలుగును చేరి అయిదగును. ఫలము 0.8. అనగా రెండవ ఏరియలును పెట్టినందుకు ఒంటి ఏరియలుకన్న నష్టమే మిగిలినది! రెండవదానికి నాలుగవ వంతు తూకమిచ్చి కలిపినచో ఫలము 1.25. తీగలు అవే, స్తంభములు అవే. రొద ఎంతయో తెలియుటయొకటే రెండింటికిని భేదము.

కాన్ లెక్కలో రొదలు ఒకదానితో ఒకటి సంబంధము లేనివి. చొరబాటు అట్టిది కాదు. అది అన్ని ఏరియళ్ళలోను ఒకే గొంతుతో వినబడును. శత్రువు రాడారును చెవిటిదాని జేయుటకు పంపు పెనురొద ఈ తెగలోనిదే. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన హోవెల్స్, పెద్ద ఏరియలు ప్రక్కన చిన్నదానిని నిలిపి, రెండింటికిని గల పొత్తును కనిపెట్టి, అంతమేరకు చిన్నదాని రొదను పెద్దదానినుండి తీసివేయు సాధనమునకు 1959లో పేటెంటు కోరెను. అది 1965లో లభించెను. 1966లో యాపిల్‌బామ్, 1967లో విడ్రో బృందము దీనిని ఎన్ని ఏరియళ్ళకైనను చెల్లు విధముగా విస్తరించిరి. రెండేసి ఏరియళ్ళ పొత్తులను వ్రాసిన పట్టిక చేతనున్నచో, చొరబాటు వచ్చు దిక్కున చెవి మూసికొనవచ్చును.

ఆ పట్టికను ఎంతసేపు విని కట్టవలెను? 1974లో రీడ్, మాలెట్, బ్రెనన్ అను మువ్వురు దీనికి ఎంతో సరళమైన జవాబు చెప్పిరి. ఏరియళ్ళ సంఖ్యకు సుమారు రెండింతల నమూనాలు ఉన్నచో, ఫలము సగటున పరమావధిలో సగమునకు తగ్గదు. ఒక్క షరతు: ఆ నమూనాలలో మనకు కావలసిన స్వరము ఉండరాదు. ఉన్నచో యంత్రము మన మిత్రునే చొరబాటుగా ఎంచి, వాని దిక్కుననే చెవి మూసికొనును. 1982లో విడ్రో తన సహచరులతో ఈ ప్రమాదముపైననే ఒక వ్యాసము వ్రాసెను. ఏరియళ్ళు హెచ్చినకొలది ఈ ఆత్మద్రోహపు నేర్పును హెచ్చుచుండును.

అంచనా ఎంత చక్కగా కట్టినను దానికొక హద్దు కలదు. ఆ హద్దును చెప్పినవారిలో ఒకరు తెలుగువారు. తెలుగు కుటుంబమున పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1945లో కలకత్తా గణితశాస్త్ర సంఘపు పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. పక్షపాతములేని ఏ అంచనా పద్ధతియు ఇంతకన్న తక్కువ చాంచల్యముతో ఫలము చెప్పజాలదని అందు నిరూపించిరి. స్వీడనుదేశపు క్రామర్ పేరుతో కలిపి దీనిని క్రామర్-రావు హద్దు అందురు. ఆ వ్యాసములో ఏరియళ్ళ ప్రసక్తి లేదు. అయినను ఏరియళ్ళ వరుసతో దిక్కును కనుగొను పద్ధతి ఏది వచ్చినను ఇంజనీర్లు దానిని ఆ హద్దుప్రక్కన నిలిపి ఎంత కొరవడినదో చూతురు. రావుగారు 2023లో, నూటరెండేండ్లు దాటి, దివంగతులైరి.

హోల్మ్‌డెల్ మాట ఇంకను ముగియలేదు. 1964లో అచ్చటి క్రాఫర్డ్ కొండపై పెంజియాస్, విల్సన్ తమ కొమ్మువంటి ఏరియలులో లెక్కకు చిక్కని 3.5 డిగ్రీల రొద మిగులుట గమనించిరి. పావురముల రెట్టను తుడిచిరి, అతుకులను సవరించిరి, అది పోలేదు. విశ్వము పుట్టిననాటి వేడిమి శేషమది. ఇక్కడి బెల్ ప్రయోగశాలలకు చెందిన వింటర్స్, సంచార టెలిఫోనులలో ఒకే తరంగముపై మాటలాడు ఇతరుల చొరబాటును పొత్తుల పట్టికతో అణచవచ్చునని 1984లో వ్రాసెను. 1996లో ఫాస్చీనీ మరింత సాహసించెను. ఒకే తరంగముపై పెక్కు ఏరియళ్ళనుండి వేర్వేరు సమాచారములను ఒకేసారి పంపవచ్చును. వినువాడు ఒకదానిని వినునపుడు మిగిలినవన్నియు చొరబాటులే. వినిన పిదప దానిని మొత్తమునుండి తీసివేసి తరువాతిదానిని వినవలెను. చొరబాటును మోయునంతగా అంచనాపై నమ్మకము కుదిరిన దన్న మాట.

చేతి ఫోను ఈ అంచనాను ఎట్లు కట్టును? వార్తలకు ముందు వినిపించు కాలసూచక ధ్వని ఎట్లుండునో శ్రోత ముందే ఎరుగును. దానిపై మరేమైన వినబడినచో అది మాది కాదని తెలియును. ఫోనులును ఇట్లే మాటల నడుమ ఇరువురికిని తెలిసిన గుర్తులను పంపుకొనును. వచ్చినదానినుండి తెలిసినదానిని తీసివేయగా మిగిలినది రొదయును చొరబాటును. 2022 తరువాత మన నగరములలో మేడలమీద వెలసిన 5జి పలకలలో కొన్నింట 64 ఏరియళ్ళు కలవు. వాని జంటలు 2016. మనిషి నడచుచునే యుండును, మోటారుసైకిలు పరుగెత్తుచునే యుండును. ఆ జంటల పొత్తులు పాతబడకముందే పట్టిక ముగియవలెను.

ఇందును ఒక తిరకాసు కలదు. తెలిసిన గుర్తులు కొన్నియే గనుక, ప్రక్క స్తంభము క్రిందివారును అవే గుర్తులను వాడుదురు. ఏరియళ్ళను అనంతముగా పెంచినను మామూలు రొద సున్నయగునే గాని, ఈ గుర్తుల కల్తీ మిగిలిపోవునని 2010లో మార్జెట్టా చూపెను. ఎనిమిదేండ్లపాటు దానిని దాటరాని గోడగా చాలమంది తలచిరి. 2018లో బ్యోర్న్‌సన్, హోయ్‌డిస్, సాంగ్వినెట్టి అనువారు, ఒక్కొక్క ఫోనుకు ఏరియళ్ళ నడుమనుండు పొత్తుల పట్టికలు వేర్వేరుగా ఉండి, అవి స్తంభమునకు తెలిసియున్నచో ఆ గోడ లేదని నిరూపించిరి. ఆ పట్టికలను తెలిసికొనుటకు మరల కొన్ని గుర్తులు పంపి, మరల కొంతసేపు వినవలెను.